రాత్తలు గింజలు, అర్ధణా
సీమ నేల – సీమ కూలి: తొమ్మిదవ భాగం

పోయిన భాగాన్ని మన్రో దగ్గర ఆపాం. 1807లో దత్తమండలాల కలెక్టరు పని వదిలి ఇంగ్లండుకు వెళ్లబోతూ ఆయన కంపెనీకి ఒక సిఫారసు రాసిపెట్టాడు. ఇక్కడి భూములన్నింటి మీద శిస్తు నూటికి 25 వంతులు తగ్గించాలి, బావుల కింద, చెరువుల కింద సాగయ్యే భూములకు ఇంకో 8 వంతులు తగ్గించాలి. కంపెనీ పెద్దలు అప్పట్లో చెవిన పెట్టలేదు. చివరికి మన్రో మద్రాసు గవర్నరుగా తిరిగొచ్చాకే ఆ తగ్గింపు దక్కింది. వేంపల్లె దగ్గర గండిలో ఆయనకు బంగారు తోరణం కనిపించిందన్న కథ ఈ వైపు పిల్లలకు కూడా తెలుసు. శిస్తు కోసం ఆయన పడిన పెనుగులాట అంతగా తెలియదు. జనం బిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారంటే తోరణం కన్నా ఆ శిస్తు తగ్గింపే అసలు కారణమని నేను గట్టిగా నమ్ముతాను.

ఈ భాగంలో 70 ఏళ్లు ముందుకు పోదాం. పట్టా ఉన్న రైతును కాసేపు పక్కన పెట్టి, పట్టా లేని మనిషిని, పట్టా ఉండి కూడా పంట పోయి గంప పట్టిన మనిషిని చూద్దాం. ఎర్రగుంట్ల నుంచి వీరపునాయునిపల్లె మీదుగా వేంపల్లెకు పోయే దారిలో పొద్దున్నే పార, గడ్డపార, గంప తీసుకుని గుంపుగా నడిచే ఆడవాళ్లను ఎక్కడికని అడిగితే కరువు పనికి అని చెబుతారు. ఆ పనికి ఇచ్చే కూలి ఎంత ఉండాలి? కరువులో చెమటోడ్చిన మనిషికి సర్కారు ఇచ్చేది కూలా, ధర్మమా? ఈ దేశంలో ఈ ప్రశ్న 1877లో పుట్టింది. అత్యున్నత న్యాయస్థానం దీనికి సూటిగా జవాబు చెప్పడానికి 106 ఏళ్లు పట్టింది. ఆ ప్రశ్న పుట్టిన కరువులో కడప జిల్లా నిలువునా మునిగింది.

1875లో గ్రిబుల్ అనే ఇంగ్లీషు అధికారి కడప జిల్లా మాన్యువల్ రాసి అచ్చు వేయించాడు. నేల తీరు, పంటలు, చెరువులు, శిస్తులు, కులాలు అన్నీ అందులో ఉన్నాయి. ఆ పుస్తకం అచ్చయిన మరుసటి ఏడే ఆ వివరాలన్నీ తలకిందులయ్యాయి. 1876లో నైరుతి వానలు ముఖం చాటేశాయి, ఆ వెనక ఈశాన్యం కూడా ఎగ్గొట్టింది. తెలుగు లెక్కలో అది ధాత సంవత్సరం, తర్వాతిది ఈశ్వర. ఆ రెండేళ్లకూ కలిపి పెద్దలు ధాత కరువు అన్నారు.

పాపఘ్ని పారే ఈ చుట్టుపక్కల నల్లరేగడిలో జొన్న, పత్తి, ఎర్రనేలల్లో కొర్ర, సజ్జ, ఆరిక పండేవి. అన్నీ వాన పంటలే. వాన తప్పితే మొదట పోయేది కూలిపని. రైతు ఇంట్లో గాదె అడుగున గింజలు ఉండొచ్చు, పాతర తవ్వుకోవచ్చు. కూలివాడికి ఏ పూట గింజలు ఆ పూటవే. రైతు పొలంలో కలుపు లేదు, కోత లేదు, కళ్లం లేదు అంటే కూలి ఇంట్లో పొయ్యి వెలగదు. కరువంటే మొదట గింజలు అయిపోవడం అనుకుంటాం కానీ, పేదవాడికి గింజల కన్నా ముందే పని అయిపోతుంది. తర్వాత ధర పెరుగుతుంది. ఆ ఏడు గింజల ధరలు మూడింతలకు ఎగబాకాయి.

అప్పటికే జిల్లాలో రైలు ఉంది. మద్రాసు నుంచి రాయచూరు దాకా మద్రాసు రైల్వే వేసిన దారి కడప, ఎర్రగుంట్ల, ముద్దనూరుల మీదుగా పోతుంది. 1871 నాటికే ఆ దారంతా పూర్తయింది. సుంకేసుల నుంచి కడప దాకా కె.సి. కాలువ కూడా తవ్వేశారు. రైలుంది, కాలువుంది, మరి జనం ఎందుకు చచ్చారు? ఇది చిన్న ప్రశ్న కాదు. ఆ కరువు మీద తర్వాత ఎంతమంది రాసినా ఈ ముడి దగ్గరికే వచ్చారు.

రైలు గింజల్ని స్టేషను దాకా తెచ్చింది. స్టేషను నుంచి ఊళ్లకు తోలాల్సిన ఎద్దులు మేత లేక చచ్చిపోయాయి. అంతకన్నా పెద్ద సంగతి, గింజలు చేరిన చోట కూడా కొనడానికి జనం చేతిలో పైసా లేదు. వ్యాపారి గింజల్ని డబ్బున్న దిక్కుకు పంపుతాడు, ఆకలి ఉన్న దిక్కుకు కాదు. మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువుకు ఈ సంగతి తొందరగానే అర్థమైంది. ఒక ప్రైవేటు కంపెనీ ద్వారా సర్కారు తరఫున ధాన్యం కొనిపించడం మొదలుపెట్టాడు. కలకత్తాలో ఉన్న వైస్రాయి లిట్టన్ దాన్ని ఆపించాడు. సర్కారు బజారులో వేలు పెడితే వ్యాపారులు బెదిరి తప్పుకుంటారని, ధరలను వాటి దారికి వదిలేయాలని ఆయన వాదన. అప్పటి ఇంగ్లండు ఆర్థికశాస్త్రం అదే చెప్పేది. 1877 జనవరి 1న ఢిల్లీలో పెద్ద దర్బారు పెట్టి విక్టోరియా రాణిని హిందూదేశ చక్రవర్తినిగా ప్రకటించారు. ఆ రోజుకే మద్రాసు ప్రెసిడెన్సీలో 10 లక్షల మంది దాకా కరువు పనుల్లో ఉన్నారు.

బజారులో వేలు పెట్టకూడదన్న ఈ సూత్రం అందరికీ ఒకేలా పనిచేయలేదు. కె.సి. కాలువ తవ్వింది మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ. ఆ కంపెనీ లండన్‌లో వాటాలు అమ్మి తెచ్చిన 10 లక్షల పౌన్ల పెట్టుబడి మీద నూటికి 5 వంతుల వడ్డీకి సర్కారే పూచీ పడింది. కాలువలో నీళ్లు పారినా పారకపోయినా, రైతు ఆ నీళ్లు తీసుకున్నా మానినా, లండన్‌లో వాటాదారుకు వడ్డీ ముట్టాల్సిందే. రైల్వే కంపెనీకీ అలాంటి పూచీయే. ఆ డబ్బు మన శిస్తులోంచే పోయేది. కాలువ లాభం చూపలేక చివరికి 1882లో సర్కారే దాన్ని కొనేసింది. పెట్టుబడికి పూచీ పడిన ఖజానా, కాలువ గట్టు మీద మట్టి మోసిన మనిషి కడుపుకు పూచీ పడలేనంది. ఆ కాలపు ఆర్థిక విధానాన్ని అర్థం చేసుకోవడానికి నాకు ఇంతకన్నా సూటి ఉదాహరణ దొరకలేదు.

జనవరిలోనే లిట్టన్ ఒక ప్రత్యేక ప్రతినిధిని దక్షిణాదికి పంపాడు. ఆయన పేరు సర్ రిచర్డ్ టెంపుల్. ఈ మనిషి గతం తెలియకపోతే ఆయన చేసిన పని అర్థం కాదు. 1873–74లో బీహారులో కరువు వస్తే బర్మా నుంచి ఓడల మీద బియ్యం తెప్పించి, పనులు పెట్టి, గింజలు పంచి, చావులు దాదాపు లేకుండా కాపాడింది ఈయనే. దానికి మెప్పు రావాల్సింది పోయి, ఖజానాను దుబారా చేశాడన్న నింద వచ్చింది. లండన్ పత్రికలు కూడా తిట్టిపోశాయి. ఆ మచ్చ చెరిపేసుకోవాలన్న తపనతోనే ఆయన మద్రాసులో దిగాడని చాలామంది చరిత్రకారుల తీర్పు. జనాన్ని బతికించినందుకు చివాట్లు తిన్న అధికారి రెండోసారి ఏం చేస్తాడో ఊహించడం కష్టం కాదు.

టెంపుల్ రైల్లో, గుర్రం మీద జిల్లాలన్నీ వడివడిగా చుట్టబెట్టాడు. పనుల్లో ఉన్నవాళ్లలో చాలామందికి నిజంగా అవసరం లేదని తేల్చి లక్షల మందిని తొలగించాడు. మిగిలినవాళ్ల కూలి తగ్గించాడు. పెద్ద మగమనిషికి రోజుకు ఒక రాత్తలు గింజల ధర, దానిమీద అర్ధణా. ఆడమనిషికి ఒక రాత్తలు, కాలణా. పిల్లలకు అర రాత్తలు, కాలణా.

ఈ లెక్కను ఒక ఇంట్లో పెట్టి చూద్దాం. భార్యాభర్తలు, పనికి వచ్చే ఈడు పిల్లలు ఇద్దరు. నలుగురూ పొద్దు గూకేదాకా రాళ్లు కొట్టి, మట్టి మోస్తే చేతికొచ్చేది మూడు రాత్తళ్ల గింజల ధర, అణా మూడు పైలు. రాత్తలు అంటే మన లెక్కలో 454 గ్రాములు. మూడు రాత్తళ్లు కిలో 360 గ్రాములు. అవి కొర్రలైతే దంచి, చెరిగి, పొట్టు తీశాక ఇంకా తగ్గుతాయి. నలుగురు పనివాళ్లు రెండు పూటలా తినాల్సిన గింజలు అవి. ఉప్పు, మిరపకాయ, కట్టెలు, ఒంటి మీద గుడ్డ, పని చేయలేని ముసలి తల్లి ఉంటే ఆమె ముద్ద, అన్నీ ఆ అణా మూడు పైలలోంచే రావాలి. గింజల ధర సర్కారు జాబితాలో ఒకటి, అంగట్లో ఇంకొకటి అయిన రోజు ఆ మూడు రాత్తళ్లు కూడా పూర్తిగా రావు. రెండు పూటలా సంగటి తినే అలవాటున్న మట్టిపని మనిషికి ఇది ఒక పూట తిండి.

ఈ కూలి చాలదని మొదట ఎదురు తిరిగింది మద్రాసు ప్రెసిడెన్సీ శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్. ఆయన సర్కారు ఉద్యోగే. ఒళ్లు వంచి పనిచేసే మనిషి ఈ తిండితో నెలల తరబడి బతకలేడని, జైల్లో ఖైదీలకు పెట్టే తిండి ఇంతకన్నా ఎక్కువని లెక్కలతో చూపించాడు. టెంపుల్ ఒప్పుకోలేదు. ఇద్దరి మధ్య నడిచిన ఉత్తర ప్రత్యుత్తరాలు ఇవాళ్టికీ ప్రజారోగ్య చరిత్రలో చదవాల్సినవి. అమెరికా చరిత్రకారుడు మైక్ డేవిస్ 2001లో తన పుస్తకంలో టెంపుల్ కూలికి దొరికే తిండిని 1,627 కేలరీలుగా లెక్కగట్టి, పక్కనే 1944లో నాజీల బుకెన్‌వాల్డ్ నిర్బంధ శిబిరంలో పెట్టిన తిండిని చూపించాడు. అది 1,750 కేలరీలు. ఈ పోలిక అతిశయమని కొందరు అంటారు. శిబిరం నడిపినవాళ్ల ఉద్దేశం వేరు, టెంపుల్ ఉద్దేశం వేరన్నది నిజమే. కానీ కడుపుకు ఉద్దేశాలతో పని లేదు.

కూలి ఒక్కటే కాదు, పనికి చేరడానికి కూడా అడ్డంకులు పెట్టారు. ఊరి పక్కన పని దొరికితే అవసరం లేనివాళ్లు కూడా వస్తారని, ఇల్లు వదిలి దూరం పోవడానికి ఒప్పుకున్నవాడే నిజంగా ఆకలిగొన్నవాడని వాదించారు. కాబట్టి దూరం ఒక పరీక్ష. పని బరువు రెండో పరీక్ష. చాలీచాలని కూలి మూడోది. చివరికి పనికి వచ్చినవాడు నిజంగా గతి లేనివాడేనని రుజువు చేసుకోవడమే మొత్తం ఏర్పాటు లక్ష్యమైపోయింది. అప్పటికే నీరసించిన మనిషి మైళ్లు నడిచి, గుడారాల్లో కలరా మధ్య పడుకుని, రాళ్లు కొట్టి తన పేదరికాన్ని రుజువు చేసుకోవాలి.

ఈ కూలి మీద కూలీలు తిరగబడ్డారు. బొంబాయి ప్రెసిడెన్సీలో కూడా అదే రేటు పెట్టగానే వేలకు వేల మంది పనులు వదిలేసి వెళ్లిపోయారు. పూనా సార్వజనిక సభ వాళ్ల పక్షాన నిలబడి సర్కారుకు అర్జీల మీద అర్జీలు పంపింది. మన దేశంలో కార్మిక సంఘాలు పుట్టక ముందు, మిల్లు గేటు దగ్గర జెండా ఎగరక ముందు, కరువు పనిలో ఉన్న పల్లె కూలీలు కూలి రేటు మీద సమ్మె చేశారు. కార్మికోద్యమ చరిత్ర రాసేవాళ్లు నూలు మిల్లుల నుంచో రైల్వే వర్క్‌షాపుల నుంచో మొదలుపెడతారు. దాన్ని 1877 జనవరి కరువు పనుల దగ్గర మొదలుపెట్టాలని నా వాదన.

మన వైపు పూనా సభ లాంటిది లేదు. ఇక్కడ తిరుగుబాటు వేరే రూపంలో వచ్చింది. 1876 చివర్లో దత్తమండలాల్లోనూ మద్రాసు ప్రెసిడెన్సీలోని ఇతర జిల్లాల్లోనూ ధాన్యం బండ్లను, అంగళ్లను దోచుకున్నారు. పోలీసు కాగితాల్లో అవి బందిపోటు కేసులు. చరిత్రకారుడు డేవిడ్ ఆర్నాల్డ్ ఆ ఘటనలను వరసగా పరిశీలించి, ఆకలిగొన్న పల్లె జనానికి న్యాయం గురించి ఒక సొంత లెక్క ఉండేదని చూపాడు. గింజలు దాచుకుని ధర పెంచే షావుకారు తప్పు చేస్తున్నాడు, సర్కారు అడ్డుకోవాలి, అడ్డుకోకపోతే మేమే తీసుకుంటాం అన్నది ఆ లెక్క. వైస్రాయి ఆర్థికశాస్త్రానికీ పల్లె ఆర్థికశాస్త్రానికీ మధ్య దూరం అంత.

మగ్గాలవాళ్ల సంగతి ఒక మాటలో చెప్పి ముందుకు పోదాం. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, మాధవరం వైపు నేతగాళ్లకు కరువు రెండు దిక్కుల నుంచి తగిలింది. గింజల ధర పెరిగింది, బట్ట కొనేవాడు లేడు. రాళ్లు కొట్టే పనికి పోతే వేళ్లు పాడై మళ్లీ మగ్గం మీద కూర్చోలేరు. మద్రాసు సర్కారు కొన్ని చోట్ల నూలు ఇచ్చి, నేసిన బట్టను తానే కొనుక్కుంది. ఆ రెండేళ్లలో సర్కారు చేసిన తెలివైన పనుల్లో ఇదొకటి.

కరువు పనుల్లో చెప్పుకోవలసింది కోస్తాలో తవ్విన బకింగ్‌హామ్ కాలువ. కరువు పనిగానే చాలా భాగం తవ్వారు, గవర్నరు పేరు పెట్టారు. ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లో ఆ కాలువలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తానే తీసుకున్నాడు. ఎందుకంటే కింది కాంట్రాక్టర్లు, మేస్త్రీలు మాదిగ కూలీల డబ్బు నొక్కేస్తున్నారు, కొడుతున్నారు. తన కింద పనిచేసినవాళ్లకు పూర్తి కూలి చేతికిచ్చాడు. కరువు తగ్గాక 1878 జూలై 3న ఒక్క రోజులో 2,222 మంది గుండ్లకమ్మలో బాప్తిస్మం తీసుకున్నారు. దాన్ని మతం కథగానే చాలామంది చెబుతారు. అందులో కూలి కథ కూడా ఉంది. తన ఒళ్లు కష్టపడిన దానికి పూర్తి డబ్బు, తిట్టూ దెబ్బా లేకుండా, ఆ మనుషులకు మొదటిసారి అందింది ఆ మూడున్నర మైళ్ల మీదే.

1877 మేలో మద్రాసు సర్కారు కూలి పెంచక తప్పలేదు. కార్నిష్ మాట కొంత నెగ్గింది. అప్పటికే ఆలస్యమైంది. ఆ ఏడు నైరుతి వానలు కూడా వెనకబట్టాయి. ఎండాకాలం, వానాకాలం కలిసి జనాన్ని ఊడ్చుకుపోయాయి. 1877 సెప్టెంబరు నాటికి ప్రెసిడెన్సీలో సర్కారు సాయం మీద బతికేవాళ్లు 20 లక్షలు దాటారు. లిట్టన్ స్వయంగా మద్రాసు వచ్చి చూశాడు. లండన్ మేయరు మొదలుపెట్టిన చందా నిధికి ఇంగ్లండు జనం ఉదారంగా ఇచ్చారు. ఆ నిధి పంపకాలు చూసుకున్న మద్రాసు పత్రికా సంపాదకుడు విలియం డిగ్బీ 1878లో రెండు సంపుటాల్లో ఈ కరువు చరిత్ర రాశాడు. పాలకులను ఆయన వదిలిపెట్టలేదు.

కార్నిష్ గురించి ఇంకో మాట చెప్పాలి. 1871లో మద్రాసు ప్రెసిడెన్సీ జనాభా లెక్కల నివేదిక రాసింది ఈ డాక్టరే. కడప జిల్లాలో 13,51,194 మంది ఉన్నారని అందులో ఉంది. పదేళ్ల తర్వాత, 1881లో మళ్లీ లెక్కపెట్టారు. 11,21,038 మంది తేలారు. ప్రతి వంద మందిలో పదిహేడు మంది లేరు. అందరూ చావలేదు, కొందరు వలసపోయారు. అలాగే ఆ పదేళ్లలో మామూలుగా పుట్టి పెరగాల్సినవాళ్లు కూడా లేరు. పక్కన కర్నూలులో నష్టం ఇంకా పెద్దది, వందలో పాతిక మంది. అప్పటి కడప జిల్లాలో మదనపల్లె, వాయల్పాడు కూడా ఉండేవి. 1901 నాటికి జిల్లా జనాభా 12,91,267. అంటే ముప్పై ఏళ్లకు కూడా జిల్లా 1871 నాటి సంఖ్యను చేరుకోలేదు. ఒక తరం మొత్తం ఖాళీ పూడ్చుకోవడంలోనే గడిచిపోయింది.

కరువు ముగిశాక బిల్లు ఎవరు కట్టారు? 1878లో మద్రాసులో ఉప్పు పన్ను మణుగుకు 1 రూపాయి 13 అణాల నుంచి 2 రూపాయల 8 అణాలకు పెంచారు. చిన్న వ్యాపారుల మీద లైసెన్సు పన్ను వేశారు. ఏటా కోటిన్నర రూపాయలు కరువు బీమాకు పక్కన పెడతామన్నారు. ఆఫ్ఘన్ యుద్ధం రాగానే ఆ సొమ్ము దారి తప్పిందని ఆనాటి నాయకులు, పత్రికలు దుమ్మెత్తిపోశాయి. గంజి తాగి బతికి బయటపడినవాడు, ఆ గంజిలో వేసుకునే ఉప్పుకు ఎక్కువ పన్ను కట్టి మరీ సర్కారు ఖర్చు తీర్చాడు.

1880లో స్ట్రాచీ అధ్యక్షతన కరువు కమిషన్ నివేదిక ఇచ్చింది. దాన్నుంచి కరువు నిబంధనావళి పుట్టింది. 1883లో మద్రాసు సొంత నిబంధనావళి వచ్చింది. దీన్ని తీసిపారేయకూడదు. వాన తప్పగానే ఏ అధికారి ఏం చేయాలో, ఎప్పుడు పనులు తెరవాలో, పని చేయలేనివాళ్లకు ఉచితంగా ఎలా తిండి పెట్టాలో మొదటిసారి రాతలోకి వచ్చింది. తర్వాతి కరువుల్లో లక్షల ప్రాణాలు దానివల్ల నిలిచాయి. కానీ కూలి విషయంలో టెంపుల్ నీడ పోలేదు. పనిచేసే మనిషి ఒంట్లో ఓపిక నిలబడేంత ఇవ్వాలి, అంతకు మించి ఇవ్వకూడదు అన్నది కమిషన్ సూత్రం. కూలి అన్నది చేసిన పని విలువ కాదు, చావకుండా ఉండేందుకు ఇచ్చే కొలత. ఆ సూత్రం ఇంగ్లీషువాళ్లతో పాటు ఓడ ఎక్కి వెళ్లిపోలేదు.

స్వాతంత్ర్యం వచ్చిన వెంటనే సీమకు మళ్లీ వరస కరువులు. 1952లో రాయలసీమ జిల్లాల్లో గంజి కేంద్రాలు పెట్టారు. ఆ ఏడే జరిగిన తొలి సార్వత్రిక ఎన్నికల్లో కడప లోక్‌సభ స్థానం జమ్మలమడుగు ప్రాంతపు కమ్యూనిస్టు నాయకుడు ఎద్దుల ఈశ్వరరెడ్డికి దక్కింది. కమలాపురం శాసనసభ స్థానంలో నర్రెడ్డి శివరామిరెడ్డి కమ్యూనిస్టు పార్టీ తరఫున గెలిచారు. ఇప్పుడు వీరపునాయునిపల్లె మండలంలోని సర్వరాయసాగర్ జలాశయానికి ఆయన పేరే పెట్టారు. అనంతపురంలో నీలం సంజీవరెడ్డి అంతటివారిని తరిమెల నాగిరెడ్డి ఓడించారు. పట్టాదారు రైతుల గడ్డ మీద ఎర్రజెండా ఎందుకు గెలిచిందని ఇప్పటికీ కొందరు ఆశ్చర్యపోతారు. వరస కరువులు, లెవీ వసూళ్లు, రేషను గింజల తిప్పలు, నీళ్ల ప్రాజెక్టులు కాగితాల మీదే ఉండిపోవడం, 1937 శ్రీబాగ్ ఒడంబడికలో కృష్ణా తుంగభద్ర నీళ్ల మీద ఇచ్చిన మాట చెల్లకపోవడం, ఇవన్నీ చూస్తే అందులో ఆశ్చర్యం ఏమీ లేదు. 1952 జూన్‌లో మద్రాసు ముఖ్యమంత్రి రాజగోపాలాచారి ఆహార ధాన్యాల మీద కంట్రోలు ఎత్తేశారు. వ్యాపారం స్వేచ్ఛగా నడిస్తే గింజలు వాటంతట అవే వస్తాయన్న వాదన మళ్లీ వినిపించింది. ఈసారి ఒక తేడా ఉంది. శాసనసభలో ఎదురు నిలిచి అడిగేవాళ్లు, వాళ్లకు ఓటేసిన కూలీలు ఉన్నారు. ఓటు లేని 1877లో కార్నిష్ ఒక్కడే అడగాల్సి వచ్చింది.

అసలు జవాబు 1983 జనవరిలో ఢిల్లీ నుంచి వచ్చింది. రాజస్థాన్‌లో అజ్మీర్ జిల్లాలో కరువు పనిగా రోడ్డు వేస్తున్న కూలీలకు, వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు, కనీస వేతనం కన్నా తక్కువ ఇచ్చారు. కరువు పనులకు కార్మిక చట్టాలు వర్తించవని 1964లోనే అక్కడి ప్రభుత్వం చట్టం చేసుకుంది. వాళ్ల తరఫున సంజిత్ రాయ్ అనే సామాజిక కార్యకర్త సుప్రీంకోర్టుకు వెళ్లారు. జస్టిస్ భగవతి ధర్మాసనం తేల్చి చెప్పింది: కరువులో ఉన్న మనిషితో కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయించుకోవడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టిచాకిరీ కిందికి వస్తుంది. ఆకలి మనిషి మెడ మీద కత్తి లాంటిది కాబట్టి అతను ఒప్పుకున్నాడన్న మాటకు విలువ లేదు. సర్కారు తాను చేయించుకున్న పని వల్ల లాభం పొందుతున్నప్పుడు అది ధర్మం చేస్తున్నట్టు మాట్లాడకూడదు. టెంపుల్ రాత్తలుకు, అర్ధణాకు చట్టం చెప్పిన జవాబు ఇది.

ఆ తర్వాతి దారి మీకు తెలిసిందే. 2005లో పార్లమెంటు గ్రామీణ ఉపాధి హామీ చట్టం చేసింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లెలో దాన్ని ప్రారంభించారు. ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చారు. ముఖ్యమంత్రి మన పులివెందుల వైఎస్ రాజశేఖరరెడ్డి. మొదటి విడతలో దేశం మొత్తం మీద 200 జిల్లాలు, అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో 13. అందులో కడప ఒకటి. ఆ చట్టం కింద ఇంటికి ఏడాదికి వంద రోజుల పని హక్కుగా అడిగే వీలు వచ్చింది. పని ఊరికి 5 కిలోమీటర్ల లోపు ఇవ్వాలని, దాటితే కూలి మీద పదో వంతు అదనం ఇవ్వాలని పెట్టారు. లిట్టన్ కాలపు దూరం పరీక్షకు చట్టం ఇలా జవాబు చెప్పింది. మగవాళ్లకు ఆడవాళ్లకు ఒకే రేటు. టెంపుల్ నాటి కాలణా తేడా కూడా పోయింది. జనం ముందు మస్టరు చదివి వినిపించే సామాజిక తనిఖీలో ఆంధ్రప్రదేశ్ దేశానికే దారి చూపింది.

కానీ మూడో పరీక్ష, కూలి పరీక్ష, పూర్తిగా పోలేదు. కనీస వేతనాల చట్టంతో సంబంధం లేకుండా కేంద్రం వేరే రేటు నిర్ణయించుకునే వీలు ఆ చట్టంలోని 6వ సెక్షన్‌లోనే పెట్టారు. 2009లో కేంద్రం ఆ వీలును వాడుకుని కూలిని కట్టడి చేసింది. వ్యవసాయ కూలీల సంఘాలు హైకోర్టుకు పోతే ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ ఉత్తర్వును నిలిపేసింది. కనీస వేతనం ఇస్తే ఖజానా తట్టుకోలేదని, పొలాలకు కూలీలు దొరకరని అప్పుడు వినిపించిన వాదనలు చదివితే, 1877 నాటి టెంపుల్ నివేదికలు గుర్తుకు రాక తప్పదు. 2025–26లో మన రాష్ట్రానికి కేంద్రం ఇచ్చిన రేటు రోజుకు 307 రూపాయలు. గుంత కొలత తగ్గితే అదీ పూర్తిగా వచ్చేది కాదు. సర్కారు చేయించుకునే పనికి సర్కారే పెట్టిన కనీస వేతనం ఇవ్వాలి. నలభై ఏళ్ల కింద సుప్రీంకోర్టు చెప్పిన ఈ మాటను ఏ ప్రభుత్వం వచ్చినా అమలు చేయాలని అడగడంలో తప్పు లేదు.

వచ్చే భాగంలో శ్రీబాగ్ ఒడంబడిక, దాని వెనక కడప కోటిరెడ్డి పాత్ర, ఆ తర్వాత నీళ్ల కోసం సాగిన పోరాటం చూద్దాం. ఈలోగా పాఠకులకు ఒక విన్నపం. 1952 గంజి కేంద్రాల ముందు నిలబడినవాళ్లలో కొందరు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. కమలాపురం, జమ్మలమడుగు, పులివెందుల, ప్రొద్దుటూరు వైపు మీ ఇంట్లో ఎనభై దాటిన అవ్వాతాతలు ఉంటే, గంజి ఏ ఊళ్లో పోశారో, ఎన్ని రోజులు పోశారో, మనిషికి ఎంత పోశారో, ఎవరిని ఏ వరసలో నిలబెట్టారో అడిగి రాసి పంపండి. ఆ సంగతులు సర్కారు కాగితాల్లో దొరకవు, వాళ్ల దగ్గరే ఉన్నాయి.